గాలిపిల్ల గొంతు

1

జల్లెడలు కడిగాను. వంటింటిది బాగానే ఉంది. పడగ్గది జల్లెడ అంచు కాస్త చిరిగింది, కుట్టాలి.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది ఇంతే. గొడుగూరులో ప్రతి ఇంటికీ ఒక జల్లెడ పుస్తకం ఇస్తారు. బయటి గాలిని వడకట్టే జల్లెడలు ఎప్పుడు కడిగామో, ఎలా ఉన్నాయో అందులో రాయాలి. ఇంత లావు పుస్తకం చేతికిచ్చి రోజుకో ముక్క రాయమంటే నా చెయ్యి ఊరుకుంటుందా? తనిఖీకి వచ్చే ఆయన మొదటి వాక్యం చదివి, సంతకం పెట్టి, మేం కాఫీ అని పిలుచుకునే ఆ కషాయం తాగి వెళ్ళిపోతారు. అందుకని మొదటి వాక్యం ఊరికి, మిగతాది నాకు.

ఇవాళ 'గాలిపిల్ల' మొదటి ఆట. హాలు నడిపే బుల్లబ్బాయి తీసిన పిల్లల సినిమా. తీశాడు అంటే, బొమ్మలన్నీ యంత్రం చేత గీయించాడు. గొంతు మాత్రం మనిషే ఇవ్వాలి, అది మా ఊరి చట్టం. యంత్రం చేత మనిషి గొంతు పలికించకూడదు. ఇంటింటి గోడకీ ఉన్న పిలుపు పెట్టెలో ఎప్పుడు ఏ గొంతు వినబడినా అది మనిషి గొంతేనని అందరికీ నమ్మకం ఉండాలి కదా.

అలా గాలిపిల్లకి గొంతు నేను ఇచ్చాను. సన్నగా, కాస్త ముక్కుతో, తొమ్మిదేళ్ళ పిల్లలా. గొంతు ఎవరిదో పిల్లలకి చెప్పకూడదని బుల్లబ్బాయి ఒట్టు వేయించుకున్నాడు. చెబితే మాయ పోతుందట.

గాలిపిల్ల మా ఊరిని గొడుగులా మూసిన కప్పు బయట, బయలులో ఉంటుంది. ముసుగు లేకుండా ఉప్పుగాలిలో తిరుగుతుంది. అడుగు పెట్టిన చోటల్లా నీటి చెలమ ఊరుతుంది. ఆఖర్న నల్లదిబ్బ ఎక్కి చెయ్యి ఊపి "నాకేం కాదు!" అని నవ్వుతుంది. నల్లదిబ్బ నిజంగానే ఉంది. తూర్పు అంచున కప్పు అద్దంలోంచి చూస్తే కనిపిస్తుంది. బుల్లబ్బాయి దాన్ని ఉన్నది ఉన్నట్టు గీయించాడు.

మా చినుకు ఇంటికి వస్తూనే నా నెత్తినెక్కింది. దాని అసలు పేరు వర్షిణి. వాన ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు గానీ పేర్లకేం లోటు లేదు.

"అమ్మా, గాలిపిల్ల గొంతు ఎంత బాగుందో తెలుసా? నువ్వూ ఉన్నావు. పొద్దున్న లేపితే తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది."

"అవునే, నా గొంతుకేం తెలుసు పాపం" అన్నాను. వంటింట్లోకి వెళ్ళి కడుపుబ్బ నవ్వుకున్నాను.

2

జల్లెడలు కడిగాను. అంచు ఇంకా కుట్టలేదు.

జంట తలుపు లోపలి గదిలో నూరీ ముసుగు తీసేసి నిలబడిందట. నూరీ అంటే మా పక్కింటి అబీదా కూతురు, చినుకుకి ప్రాణ స్నేహితురాలు. ఊరి నుంచి బయలులోకి దారి ఆ రెండు తలుపుల్లోంచే. రెండింటి మధ్య గదిలోకి ఎప్పుడూ కాస్త ఉప్పుగాలి దిగుతూనే ఉంటుంది. దమయంతి టీచరు చూసి ఈడ్చుకొచ్చేసరికి పిల్ల ముక్కులోంచి రక్తం కారుతోందట.

నేను వెళ్ళేటప్పటికి అబీదా పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"చూశావా అక్కా? గాలిపిల్లకి ఏం కాదు కదా అంటోంది. దీన్ని ఏం చెయ్యను?"

'నాకేం కాదు' అన్నది నేనే. నవ్వుతూ అన్నది నేనే. మూడు సార్లు చెప్పించాడు బుల్లబ్బాయి, నవ్వు సరిపోలేదని.

ఉప్పుగాలి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఏమవుతుందో పెద్దవాళ్ళందరం చూసినవాళ్ళమే. మా ఆయన ఆదిశేషు కప్పు మీద పని చేస్తారు, చిరుగులు అతుకుతారు. ఆయన ఇంటికి వచ్చేదాకా నాకు అన్నం సహించదు. అలాంటిది ఒక చిన్నపిల్ల తన చేత్తో తనే ముసుగు విప్పుకుందా అని తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

చినుకుని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "నువ్వు గానీ అలా తీస్తావా?"

"నాకేమైనా పిచ్చా?" అంది. ఆ మాట నమ్మాలో లేదో తెలియలేదు.

3

కడిగాను.

ఊరి సభ జరిగింది. పిల్లలకి ఇలాంటి మాయల సినిమాలు మంచివా చెడ్డవా అని. వంటలు మానుకుని వచ్చారు జనం.

దమయంతి టీచరు లేచి గట్టిగానే మాట్లాడింది. "నేను బడిలో ఏడాది పొడుగునా ముసుగు కట్టుకోండర్రా అని చెబుతాను. వాళ్ళు ఒక్క పూట హాల్లో కూర్చుని వస్తారు, నేను చెప్పిందంతా ఎగిరిపోతుంది. మనసులో గట్టిగా అనుకుంటే చాలు, ఏమీ కాదన్నమాట! ఇదేనా మనం నేర్పేది?"

బుల్లబ్బాయికి మండింది. "పిల్లలంటే మరీ అంత తెలివితక్కువ వాళ్ళా టీచరుగారూ? కథ కథేనని వాళ్ళకి తెలీదా? రోజంతా కప్పు కిందే బతుకుతున్నారు. ఒక్క గంట బయట తిరిగినట్టు ఉంటుందని తీశాను. అది కూడా తప్పేనా?"

"నా బిడ్డ ముక్కులోంచి రక్తం వచ్చింది" అంది అబీదా.

ప్రెసిడెంటు గోవర్ధనం గారు అందరి మాటా విని, గొంతు సవరించుకుని, మధ్యేమార్గం చెప్పారు. మంచి మనిషే, మధ్యేమార్గమంటే ఆయనకి మహా ఇష్టం. సినిమా ఆపొద్దు, ముగింపు మార్చుదాం అన్నారు. ముసుగు లేకుండా తిరిగినందుకు గాలిపిల్లకి ఊపిరి ఆడక, నల్లదిబ్బ దగ్గర పడిపోవాలి. పిలవాలి. ఎవరూ రాకూడదు. అక్కడితో సినిమా అయిపోవాలి.

"పిల్లలకి భయం పుట్టాలంటే అదే పిలుపు పడాలి" అన్నారాయన.

మా ఊళ్ళో ఆ పిలుపు ఆటకి అనరు. బయలులో ఆపద వచ్చిన మనిషి ముసుగులోని మైకులో "ఎవరున్నారు?" అంటాడు. అది ఊళ్ళో ప్రతి ఇంటి పిలుపు పెట్టెలోనూ, బయట ఉన్నవాళ్ళ ముసుగుల్లోనూ వినబడుతుంది. ముందు విన్నవాళ్ళు "నేనున్నా" అని బయల్దేరాలి. ఒకసారి 'నేనున్నా' అన్నాక, పిలిచిన మనిషిని చేరేదాకా వెనక్కి తిరగకూడదు. అందుకే జంట తలుపుకి తాళం ఉండదు. పసివాళ్ళకి అమ్మ అనే మాటతో పాటు నేర్పేది ఇదే. ఉత్తినే ఆ పిలుపు పిలిచిన పిల్లల వీపు పగులుతుంది.

"ఒక్కసారికి ప్రత్యేకంగా అనుమతి ఇస్తున్నాను" అన్నారు ప్రెసిడెంటు గారు.

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను. నూరీ ముక్కు కింద ఎండిపోయిన ఆ ఎర్ర మరక నా కళ్ళలో అలాగే ఉంది. పిల్లలు భయపడాలి, భయపడి తీరాలి అనిపించింది. అంతమందిలో ఒక్కరం కూడా నూరీని పిలిచి, ముసుగు ఎందుకు తీశావమ్మా అని అడగలేదు.

4

కడిగాను, రెండూ.

ఇవాళ గొంతు ఇచ్చి వచ్చాను. బుల్లబ్బాయి గదిలో మైకు ముందు నిలబడి "ఎవరున్నారు?" అనడానికి నోరు పెగల్లేదు. చిన్నప్పటి నుంచీ నొక్కిపట్టిన మాట అది. మొదటిసారి అన్నప్పుడు గోడకున్న పిలుపు పెట్టె వైపు దొంగలా చూశాను, ఎక్కడ ఎవరు 'నేనున్నా' అంటారోనని.

"ఇంకాస్త ఏడుపు కావాలి హైమక్కా" అన్నాడు బుల్లబ్బాయి. అతని ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

ఏడవడానికి నేను కష్టపడక్కర్లేకపోయింది. కప్పు మీదున్న ఆయన గుర్తొచ్చారు, నూరీ గుర్తొచ్చింది. "ఎవరున్నారు? నల్లదిబ్బ దగ్గర పడి ఉన్నాను. ఊపిరి ఆడటం లేదు. ఎవరూ లేరా?" అన్నాను. ఆ సన్నటి గొంతు గదిలో వినబడుతుంటే నాకే ఎవరో వేరే పిల్ల ఏడుస్తున్నట్టు ఉంది. బయటికి వచ్చాక కూడా చాలాసేపు నా గొంతు నాకు రాలేదు.

రాత్రి అన్నాల దగ్గర ఆయనకి చెప్పాను. ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఆ పిలుపుకి ఎవరూ పలకనట్టు చూపిస్తారా?" అన్నారు.

"పిల్లలు భయపడాలని."

ఆయన పళ్ళెంలో చెయ్యి కడిగేసుకున్నారు.

5

కడిగాను.

కొత్త ముగింపుతో ఆట వేశారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. గాలిపిల్ల పడిపోగానే పిల్లలు కెవ్వుమంటారనుకున్నాం. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఆ పిలుపు వచ్చింది. ముందు వరసలో మా చినుకు సగం లేచి నిలబడింది. నోరు తెరిచింది, మళ్ళీ చుట్టూ చూసి కూర్చుంది. తెర నల్లబడింది. దీపాలు వెలిగాక కూడా పిల్లలు కదల్లేదు, పెద్దవాళ్ళ ముఖాల్లోకి చూస్తూ కూర్చున్నారు.

"బాగా తగిలింది" అన్నారు ప్రెసిడెంటు గారు నెమ్మదిగా.

దారిలో చినుకు నా చెయ్యి వదల్లేదు. "అమ్మా, ఎవరూ ఎందుకు వెళ్ళలేదు?" అంది.

"ముసుగు లేకుండా తిరిగితే అంతేనమ్మా."

"ముసుగు లేనివాళ్ళు పిలిస్తే వెళ్ళక్కర్లేదా?"

"వెళ్ళాలి. కానీ అది సినిమా కదా" అన్నాను.

6

రెండు జల్లెడలూ కడిగాను, ఎండబెట్టాను. అంచు మాత్రం అలాగే ఉంది. నా బద్ధకానికి మందు లేదు.

ప్రెసిడెంటు గారి మాటే నిజమైంది, ఒప్పుకోవాలి. బడిలో పిల్లలు ముసుగులు గట్టిగా బిగించుకుంటున్నారట. కళ్ళు మూసుకుని ఎవరు ముందు కట్టుకుంటారా అని పోటీలు పెట్టుకుంటున్నారు. ఒకరి ముసుగు ఇంకొకరికి కట్టడం కూడా నేర్చుకున్నారు. దమయంతి టీచరు ఎదురొచ్చి మరీ నా చెయ్యి పట్టుకుంది. "నేను ఏళ్ళ తరబడి చెయ్యలేనిది మీ గొంతు ఒక్క పూటలో చేసింది హైమగారూ" అంది. లోలోపల పొంగిపోయాను.

ఇంట్లో కూడా చినుకు బుద్ధిగా ఉంటోంది. వాళ్ళ నాన్న పక్కన చేరి బోలెడు ప్రశ్నలు. ముసుగుకి తగిలించే గాలి డబ్బా ఒకటి ఎంతసేపు వస్తుంది? బయలులో నడిస్తే ఎక్కువ ఖర్చవుతుందా, పరిగెడితేనా? ఇక్కడి నుంచి నల్లదిబ్బ ఎంత దూరం?

"కప్పు పనికి వస్తావేంటే?" అని ఆయన మురిసిపోయి అన్నీ చెప్పారు.

రొట్టె సగం తిని సగం దాచుకుంటోంది. ఆకలి వేసినప్పుడు తింటుందిలే అని ఊరుకున్నాను. పిల్ల ఇంత బుద్ధిగా ఉంటే ఏ తల్లికైనా అనుమానం రావాలి. నాకు వచ్చింది, దులిపేసుకున్నాను.

7

కడగలేదు.

జరిగింది జరిగినట్టు రాయాలి. అక్షరాలు వంకర పోతున్నాయి, పోనీ.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ చిరిగిన అంచు కుట్టడానికి కూర్చున్నాను. గోడ మీద పిలుపు పెట్టె గరగరమంది. చినుకు గొంతు వినబడింది.

"గాలిపిల్లా, నేనున్నా. మేం వస్తున్నాం. నీకు ముసుగు తెస్తున్నాం."

పక్క గదిలో ముసుగు మైకుతో ఆడుకుంటోందనుకున్నాను. వీపు చీరేద్దామని లేచాను. గదిలో ఎవరూ లేరు. మేకుకి దాని ముసుగు లేదు. దాని పక్కన వాళ్ళ నాన్నది ఇంకో ముసుగు ఉండాలి, అదీ లేదు.

చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను. జంట తలుపు దగ్గర అప్పటికే అబీదా నేల మీద కూలబడి ఉంది. ప్రెసిడెంటు గారు, టీచరు, ఇంకా చాలామంది అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్నారు. బయలులో నాలుగు చిన్న ఆకారాలు తూర్పుకి నడుస్తున్నాయి. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని, బడిలో నేర్పినట్టే. వాటి వెనక, ఆకాశం అంచున, పసుపుపచ్చగా ఉప్పుగాలి లేస్తోంది. గాలి కూత మొదలైంది.

మా ఆయనా, ఆయన జట్టూ పడమటి కప్పు మీద ఉన్నారు. కబురు అందింది, దిగుతున్నారు. కానీ వాళ్ళు గానీ మేం గానీ పిల్లల్ని చేరేలోపే గాలి వస్తుందని అందరికీ తెలుస్తూనే ఉంది.

ప్రెసిడెంటు గారు తలుపు పక్కనున్న పిలుపు పెట్టె మైకు లాక్కున్నారు. "పిల్లలూ, వెనక్కి వచ్చేయండి! అది సినిమా అర్రా! అక్కడ ఎవరూ లేరు!"

చినుకు గొంతు ఆయాసంగా వచ్చింది. "సినిమా అని తెలుసండీ. బొమ్మలు యంత్రం గీసిందని కూడా తెలుసు. కానీ గొంతు మనిషిదే కదండీ. యంత్రం గొంతు చెయ్యకూడదు కదా. మరి ఎవరో నిజంగానే పిలిచారు కదా!"

ఆయన చేతిలోని మైకు దమయంతి లాక్కుంది.

"నేను చెబుతున్నాను, టీచర్ని!" అని దమయంతి అరిచింది. "ఇప్పుడే వెనక్కి రండి!"

ఈసారి నూరీ పలికింది. "నేనున్నా అన్నాక వెనక్కి తిరగకూడదని మీరే చెప్పారు టీచర్."

నేను మైకు అందుకున్నాను. "చినుకూ, నేనే తల్లీ. అమ్మని. ఆ గొంతు నాదే. నేనే అలా మాట్లాడాను."

చినుకు చిన్నగా అంది. "నన్ను రప్పించడానికి అంటున్నావు. నీ గొంతు అలా ఉండదు."

నల్లదిబ్బ దాకా వెళితే తిరిగి రాలేరు. ఆ మాట ఎవరూ పైకి అనడం లేదు. అబీదా నా కాళ్ళు పట్టుకుని ఊపేస్తోంది, "ఏదో ఒకటి చెయ్యి అక్కా, ఏదో ఒకటి చెయ్యి" అని. అప్పుడు నాకు తట్టింది ఒక్కటే. గొంతు సన్నం చేశాను. ముక్కుతో అన్నాను.

"ఎవరున్నారు?"

తలుపు దగ్గర జనం అందరూ ఉలిక్కిపడ్డారు. నేను ఆపలేదు. "నేను గాలిపిల్లని. నల్లదిబ్బ దగ్గర లేను. పాక్కుంటూ జంట తలుపు దాకా వచ్చాను. తలుపు బయట పడి ఉన్నాను. ఎవరున్నారు?"

"నేనున్నా!" నాలుగు గొంతులూ ఒకేసారి వినబడ్డాయి. ఆ నాలుగు ఆకారాలూ గిరుక్కున తిరిగి మా వైపు పరిగెత్తడం మొదలుపెట్టాయి. ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు, ఎవరో గుర్తులేదు.

అంతలో గాలి వచ్చి వాళ్ళని మింగేసింది. అద్దంలోంచి పసుపు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆ పసుపులో వాళ్ళకి తలుపు కూడా కనబడదు. ఎవరో చేతికందించిన తొడుగు, ముసుగు వేసుకుని, దీపం పట్టుకుని, నేను బయటికి వెళ్ళాను. ఎవరైనా పట్టుకుంటే బాగుండు అని ఒక పక్క అనుకుంటూనే వెళ్ళాను. నాకు బయలంటే ఎంత భయమో నాకే తెలుసు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన ఎన్నిసార్లు చూపిస్తానన్నా వెళ్ళలేదు. తలుపుకి తాడు కట్టుకుని, ఉప్పులో కూర్చుని, దీపం పైకెత్తి, ఆ సన్నటి గొంతుతో పిలుస్తూనే ఉన్నాను. "ఇటు. ఇటు రండి. దీపం ఉంది చూడండి. ఇక్కడున్నాను."

ఎంతసేపో తెలియదు. గాలి తోసేస్తోంది, ఉప్పు ముసుగు అద్దానికి పేరుకుంటోంది. తుడుచుకుంటున్నాను, పిలుస్తున్నాను. పిలిచినప్పుడల్లా నా ముసుగులో "నేనున్నా" అని జవాబు వినబడుతోంది. ఒకసారి మూడు గొంతులే వచ్చాయి. ఆ మూడింటిలో చినుకుది ఉందో లేదో పోల్చుకోలేకపోయాను. అంత భయం పగవాళ్ళకి కూడా వద్దు.

ముందు చినుకే వచ్చింది. పసుపులోంచి ఊడిపడి నా ఒళ్ళో పడింది. వెనకే మిగతావాళ్ళు. నూరీ ముసుగు పక్కకి జారి ఉంది, ఒక కన్ను మూసుకుని ఏడుస్తోంది. అందుకే గొంతు రాలేదు పాపం. చినుకు మాత్రం నా వైపు సరిగ్గా చూడను కూడా లేదు. నేర్చుకున్న పని నేర్చుకున్నట్టు, సంచీలోంచి వాళ్ళ నాన్న ముసుగు తీసి, నా ముఖానికి కట్టబోయింది. అప్పటికే ముసుగు ఉందని చెయ్యి తగిలి తెలిసింది. అద్దం మీద ఉప్పు తుడిచింది. లోపల నా ముఖం కనబడింది.

నేను గొంతు మార్చుకోవడం మర్చిపోయాను. గాలిపిల్ల గొంతుతోనే "వచ్చావా తల్లీ" అన్నాను.

నా కూతురు నన్ను అలా చూడటం అదే మొదటిసారి.

8

జల్లెడలు కడిగాను. చిరిగిన అంచు కుట్టాను.

నలుగురూ బతికారు. నూరీ ఎడమ కన్ను కాలింది, చూపు నెమ్మదిగా వస్తుందని డాక్టరు గారు అంటున్నారు. మిగతావాళ్ళకి దగ్గు, అంతే. రోజూ దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. అయినా నిద్రలో ఆ మూడు గొంతులే వినబడుతున్నాయి.

సభ మళ్ళీ జరిగింది. మాయల సినిమాలన్నీ ఆపేయాలన్నారు. "నేను ముందే చెప్పాను" అంది టీచరు. బుల్లబ్బాయి తలెత్తలేదు. నేను లేచాను. అనుకున్నది చెప్పేశాను.

"సినిమాకి ఏ పాపమూ లేదని నేననను. నూరీ అది చూసే ముసుగు తీసింది. అబీదా నిన్ననే అడిగింది, ఎందుకు తీశావని. బయట ఉప్పు వాసన ఎలా ఉంటుందో చూద్దామని తీసిందట. గాలిపిల్ల ఉండే చోటు కదా అని. ఆ ఒక్క ముక్క ముందే అడిగి ఉంటే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేవాళ్ళం. మనం అడగలేదు. వాళ్ళు సినిమాలో ఏం చూశారో మనమే ఊహించుకుని, మనమే మందు వేశాం. మన ఊళ్ళో పిలిస్తే ఎవరూ రారని వాళ్ళకి చూపించాం. వాళ్ళు దాన్ని నమ్మలేదు. అందుకే వెళ్ళారు."

అయినా సినిమాలు ఆపేశారు. ప్రెసిడెంటు గారికి మధ్యేమార్గం దొరకలేదు.

చినుకు నాతో మాట్లాడటం లేదు. ఇవాళ అన్నం కలిపి పెడుతుంటే తనే అడిగింది.

"బయట నిజంగా ఎవరూ లేరా?"

"లేరమ్మా."

"మరి ఎందుకు పిలిచావు?"

"మీకు భయం పుట్టాలని."

"పుట్టింది కదా" అంది. "ఒక్కతే ఉందని భయం వేసింది. అందుకే కదా వెళ్ళాం."

అది ఇంకాసేపు ఆలోచించి మళ్ళీ అడిగింది. "రెండోసారి తలుపు దగ్గర పిలిచింది కూడా అబద్ధమేనా?"

"నిన్ను బతికించుకోవడానికి."

"అబద్ధమే కదా?"

"అబద్ధమే" అన్నాను. ఏడుపు ఆగలేదు, దాని ముందే ఏడ్చాను. అది నా కళ్ళు తుడిచింది. తుడుస్తూ నా నోటి వైపే చూసింది.

9

కడిగాను. రెండూ బాగానే ఉన్నాయి.

ఇవాళ ఆయన్ని దించి తీసుకొచ్చారు. కప్పు మీద కాలు జారి, తాడుకి వేలాడారు. చెయ్యి విరిగింది, అంతకు మించి ఏం కాలేదు. పక్క గదిలో మూలుగుతూ పడుకుని ఉన్నారు. కట్టు బిగించి కట్టానని నన్నే తిడుతున్నారు. తిట్టనీ. ఆ గొంతు వింటూ ఇది రాస్తున్నాను.

పిలుపు వచ్చినప్పుడు నేను వంటింట్లో ఉన్నాను, చినుకు పెట్టె కిందే కూర్చుని బొమ్మ గీసుకుంటోంది. చెయ్యి చాపితే పెట్టె అందుతుంది. ఇదివరకైతే ఊళ్ళో ఎవరి పిలుపు వచ్చినా అదే ముందు ఎగిరి గంతేసేది.

పెట్టె గరగరమంది. "ఎవరున్నారు?" వాళ్ళ నాన్న గొంతు. నొప్పితో, తెగిపోతూ వచ్చింది. "పడమటి అంచున ఉన్నా. తాడు జారుతోంది. ఎవరున్నారు?"

నేను గరిటె పారేసి పరిగెత్తుకొచ్చాను. "నేనున్నా!" అని నేనే అరిచాను, వీధిలో ఇంకో నలుగురు అరిచారు. ఎవరికీ ఆలస్యం కాలేదు.

కానీ నేను గుమ్మంలోకి వచ్చేటప్పటికి చినుకు లేచి నిలబడి ఉంది. చెయ్యి పెట్టె వైపు సగం చాపి ఆపేసింది. వాళ్ళ నాన్న రెండోసారి పిలుస్తున్నారు. అది పెట్టె వైపు చూడటం లేదు. నా వైపు తిరిగి, నా పెదాలు కదులుతున్నాయేమోనని చూస్తోంది.